శ్రావణమాసం పెళ్లికి కాగితం పూలా?

రాజమండ్రిలో ఓ మధ్యతరగతి ఇంటి పెళ్లి. ముహూర్తం శ్రావణంలో పడింది. కల్యాణమండపంలో అలంకరణకి డెకరేటర్ 60,000 చెప్పాడు. కాగితం పూలు ఇంట్లోనే చేసుకుందామంటుంది పెళ్లికూతురి తల్లి. ఆవిడ మరిది బ్యాంకు ఉద్యోగి, ససేమిరా అంటున్నాడు. ఇద్దరూ నేను కల్పించినవాళ్లే. నేను వదిన పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అలాగని మరిది నోరు నొక్కలేదు.

మరిది: పూలతోటలకి పేరుపడ్డ కడియం ఊరిని పక్కన పెట్టుకుని కాగితం పూలేంటి వదినా? కడియపులంక నుంచి ఊళ్లకి ఊళ్లు పూలు పట్టుకెళ్తుంటే, మనం రంగు కాగితాలు కత్తిరించుకోవడమా? జనం నవ్వుతారు.

వదిన: నవ్వనీ. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాల వారం చామంతి ధర ఎలా ఎగురుతుందో నీకు తెలీదు, నువ్వు ఎప్పుడూ కొనలేదు కాబట్టి. దానికి తోడు అదే ముహూర్తానికి ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లుంటాయో. డెకరేటర్ ఆ లెక్క చూసుకునే 60,000 అన్నాడు.

మరిది: పోనీ ధర కట్టినా పూలరైతుకే కదా వెళ్తుంది. నాలుగు డబ్బులు వాడికి రానివ్వకుండా కాగితం కొట్టువాడికి ఇస్తామంటారు.

వదిన: రైతుకా? డెకరేటర్ ఫోన్లో చూపించిన ఫోటోలు నువ్వూ చూశావుగా. స్టేజీ వెనక గోడంతా అద్దెకి తిప్పే ప్లాస్టిక్ పూలే. ఊదారంగు ఆర్కిడ్లన్నాడే, వాటిలో థాయ్‌లాండ్ నుంచి విమానంలో దిగేవి బోలెడు. ఆ కాడలు గుచ్చే పచ్చ ఫోము కూడా ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. ఇందులో కడియం రైతు ఎక్కడున్నాడు? నేను దండలకి, పూలజడకి, గుమ్మాలకి బంతీ చామంతీ మల్లే కొంటూనే ఉన్నాను. వద్దన్నది స్టేజీ వెనక గోడకీ, పైకప్పుకీ, ఫోటోలు దిగే మూలకీ. వాటిని ఎవరూ వాసన చూడరు.

మరిది: చూడరు సరే, చెమ్మ మాటేంటి? వానాకాలం వదినా ఇది. అప్పడాలే మెత్తబడే రోజులు. ముందురోజు కట్టిన కాగితం పూలు తెల్లారేసరికి తలలు వాల్చేస్తాయి.

వదిన: పల్చటి టిష్యూ వాలుతుంది, ఒప్పుకుంటాను. అందుకే ఏది ఎప్పుడు చెయ్యాలో చెప్తాను, విను. టిష్యూతో పెద్ద గోళాలు చేస్తాం. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడుగు ఉన్న కాగితాలు పది ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పొడుగు వైపు నుంచి అంగుళంన్నర వెడల్పున ముందుకీ వెనక్కీ మడతలు పెట్టుకుంటూ పోవాలి. నువ్వు పంచె కుచ్చిళ్లు పెట్టుకోవూ, అచ్చం అలాగే. నడిమికి సన్నటి తీగ బిగించి, రెండు కొసలూ గుండ్రంగా కత్తిరించాలి. కొసలు కోసుగా కత్తిరిస్తే డాలియాలా కనిపిస్తుంది. అక్కడితో ఆపెయ్యాలి. విప్పకూడదు. విసనకర్ర మూసినట్టు చదునుగా ఉంటాయి కాబట్టి పాలిథిన్ సంచిలో వేసి మూతి కట్టేస్తే ఒక్క అట్టపెట్టెలో పట్టేస్తాయి. మండపానికి వెళ్లాక, ఫ్యాన్లు వేసుకుని, ఒక్కో పొర నడిమి వైపుకి లాగుతూ విప్పాలి. ఇటు ఐదు, అటు ఐదు. కంగారు పడితే చిరుగుతుంది, అంతే. ఇక గులాబీలకి టిష్యూ పనికిరాదు, క్రేపు కావాలి. క్రేపు కాగితంలో సన్నటి ముడతలుంటాయి చూడు, అవి రేకలో కింద నుంచి పైకి నిలువుగా వచ్చేలా కత్తిరించాలి. అప్పుడే రెండు బొటనవేళ్లతో నడుమ అడ్డంగా సాగదీస్తే దొప్పలా గుంట పడుతుంది. ముడతలు అడ్డంగా పెట్టి కత్తిరిస్తే ఎంత లాగినా సాగదు, చిరుగుతుంది. అంచుని పెన్సిలు మీద చుట్టి వదిలితే రేక వెనక్కి ఒంగుతుంది. బంతిపూలు ఇంకా తేలిక. రెండంగుళాల పట్టీకి ఒక వైపు సన్నగా గాట్లు పెట్టి, తీగ కొసకి చుట్టేసి, విదిలించడమే. క్రేపు మందం కాబట్టి చెమ్మకి టిష్యూలా వాలదు.

మరిది: జిగురు? ఫెవికాల్ డబ్బాలకే సగం డబ్బులు పోతాయి.

వదిన: మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వెయ్యడం. మా ఊళ్లో పందిట్లో రంగు కాగితాల జెండాలన్నీ పురికొసకి దాంతోనే అతికించేవారు. అది విషం కాబట్టి పిల్లల చేతికి అందనివ్వం. అయినా తీగ చుట్టే పూలకి జిగురుతో పనేముంది.

మరిది: సరే, మరి పన్నీరో? గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డి పట్టుకుని చిన్నపిల్లలు నిలబడతారు. వాళ్లు మనుషుల మీద చల్లుతారా, పూల మీద చల్లుతారా? ఎర్ర క్రేపు తడిస్తే రంగు దిగుతుంది. ఆ చుక్క మగపెళ్లివారి పట్టుపంచె మీద పడిందనుకోండి, మీరు మిగిల్చిన డబ్బంతా ఆ మాటలు పడటానికే సరిపోతుంది. ఇంకోటి, హోమం. నిప్పుకి రెండు అడుగుల దూరంలో కాగితం వేలాడదీస్తారా? పైగా ఆ వీడియోవాళ్ల లైట్ల వేడి ఒకటి.

(ఇక్కడ వదిన కాసేపు మాట్లాడలేదు. ఈ దెబ్బ గట్టిది.)

వదిన: పన్నీరు సంగతి నాకు తట్టలేదు. గుమ్మం దగ్గర కాగితం వద్దు, మామిడాకులూ నిజం బంతులూ కడదాం. హోమం చుట్టూ కూడా వద్దు. మండపం నాలుగు స్తంభాలకీ అరటిచెట్లూ పచ్చి కొబ్బరాకులే. కాగితం ఎంత ఉన్నా స్టేజీ వెనక గోడ మీదే, లైట్లకి దూరంగా.

మరిది: చూశారా, కొంచెం కొంచెంగా నిజం పూల వైపే వస్తున్నారు. మీ తమ్ముడి పెళ్లిలో అరిటాకుల బదులు పేపర్ ప్లేట్లు పెట్టారని ఎంత గొడవ చేశారు! అప్పుడు కాగితం అంటరానిది, ఇప్పుడు కళ అయింది.

వదిన: తినేదీ చూసేదీ ఒకటేనా? ఆ ప్లేటులో సాంబారు పోస్తే వొళ్లోకి కారింది. మీ అన్నయ్య చొక్కా అడుగు, చెప్తుంది.

మరిది: కారింది సాంబారు పల్చగా ఉండబట్టి. వంటవాణ్ణి కుదిర్చింది మీ బాబాయి కదా.

వదిన: మా బాబాయిని అనకు. నీ పెళ్లిలో పెరుగే అయిపోయింది, ఎవరైనా అన్నామా?

మరిది: ఇరవై ఏళ్ల నుంచీ అంటూనే ఉన్నారు వదినా. సరే, అది వదిలేయండి. నా అసలు మాట వేరే. మీ లెక్కలో కాగితం ఉంది, తీగ ఉంది, కూలి లేదు. గోడ నిండాలంటే గులాబీలు వందల్లో కావాలి. ఎవరు చేస్తారు? మీరు, మా ఆవిడ, పిన్నిగారు, కాలేజీ నుంచి వచ్చిన ఆడపిల్లలు. పిండివంటలు వాళ్లే, చీరల సర్దుడు వాళ్లే, ఇప్పుడు పూలూ వాళ్లే. డెకరేటర్ కుర్రాళ్లకైతే కూలి ఇస్తాం. వీళ్లకి కాఫీ ఇస్తాం. చవక అంటే ఇదేనా?

వదిన: ...ఆ మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

(నా దగ్గరా లేదు. ఇంట్లో చేసుకుంటే చవక అని మనం అనే ప్రతిదానిలోనూ లెక్కలోకి రాని చెయ్యి ఒకటి ఉంటుంది.)

వదిన: కానీ ఒకటి చెప్తాను. ఇప్పుడు చుట్టాలు ముహూర్తానికి కారు దిగి, భోంచేసి, కవరు ఇచ్చి వెళ్లిపోతున్నారు. పిల్లకి తన మేనత్తల పేర్లు వరసగా చెప్పడం రాదు. నాలుగు సాయంత్రాలు చాప పరిచి, కత్తెరలు పడేస్తే, వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు. గులాబీలు తగ్గించేస్తాను. గోడకి గోళాలే ఎక్కువ వేద్దాం, చోటు నింపుతాయి, పనీ తక్కువ. మగపిల్లలు మడతలు పెడతారు, ఆడపిల్లలు కత్తిరిస్తారు. మండపంలో నిచ్చెన ఎక్కి కట్టడం నీదీ మీ అన్నయ్యదీ.

మరిది: నాకు నడుంనొప్పి.

వదిన: అయితే కింద కూర్చుని విప్పు. పది పొరలు, నెమ్మదిగా. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టిన చేతులు, చిరగనివ్వవు.

మరిది: అది కాదు వదినా, అసలు సంగతేంటంటే... డెకరేటర్‌కి నిన్న నేను 5,000 అడ్వాన్సు ఇచ్చేశాను.

వదిన: నన్ను అడక్కుండానా?

మరిది: శ్రావణంలో దొరకడని అన్నయ్యే ఇమ్మన్నాడు.

వదిన: మీ అన్నయ్య సంగతి నేను చూసుకుంటాను. ఆ 5,000 తిరిగి అడగొద్దు. దానికి సరిపడా గుమ్మానికి బంతులూ, దండలూ పంపమని చెప్పు. రసీదు ఇచ్చాడా?

మరిది: తెలిసినవాడే కదా అని...

వదిన: ఇవ్వలేదన్నమాట. పద, వాడి కొట్టు మూసే లోపు వెళ్లొద్దాం. వచ్చేటప్పుడు తీగ చుట్టలు రెండు కొనాలి.