తెచ్చిచ్చినవాణ్ణి వదిలేయండి, కొన్నవాణ్ణి నిలదీయండి

యుద్ధం మధ్యలో మ్యూజియం దోపిడీ గురించి ఎవరైనా మాట్లాడితే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. మనుషులు చచ్చిపోతుంటే ఈ కుండలు, విగ్రహాల గొడవేంటి, అవన్నీ యుద్ధం ఆగాక చూసుకోవచ్చు కదా అని. ఆ ప్రశ్నలో ఉన్న బాధ నిజమే, మనిషి ప్రాణం కంటే ఏ విగ్రహమూ ఎక్కువ కాదు. కానీ యుద్ధం ఆగేదాకా వస్తువులు ఆగవు. వేలెడంత సిలిండర్ ముద్ర (మట్టి మీద దొర్లించి గుర్తు వేసే చెక్కిన రాయి) ఎవరి జేబులోనో పడి సరిహద్దు దాటేస్తుంది, కొన్నాళ్లు ఏదో గోదాములో ఉంటుంది, ఆ తర్వాత దానికి పాత తేదీతో ఒక కాగితం పుడుతుంది, ఇంకొన్నేళ్లకు ఎవరింట్లోనో అద్దాల బీరువాలో కనిపిస్తుంది. అప్పుడు వెనక్కి తేవాలంటే లాయర్లు, కోర్టులు, రెండు దేశాల మధ్య ఏళ్ల తరబడి ఉత్తరాలు. అదే వస్తువు దొంగతనం జరిగిన మొదటి వారాల్లో చాలాసార్లు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటుంది. ఆ వారాల్లో ఏం చేశామన్నదే అసలు సంగతి.

2003 ఏప్రిల్‌లో, అమెరికా ఇరాక్ మీద దాడి చేసిన రోజుల్లో, బాగ్దాద్‌లో ఏం జరిగిందో చూడండి. ఇరాక్ జాతీయ మ్యూజియంలో ఏప్రిల్ 8 నాటికి సిబ్బంది ఎవరూ లేరు, చుట్టూ కాల్పులు. 10 నుంచి 12 వరకు దొంగలు పడ్డారు. 12న సిబ్బంది తిరిగొచ్చి ఉన్నవాళ్లను తరిమారు. అమెరికా ట్యాంకులు కాపలాకు వచ్చింది మాత్రం 16న. కాపాడాల్సిన చోట్ల జాబితాలో ఈ మ్యూజియాన్ని యుద్ధానికి ముందే పై వరుసలో పెట్టారు, పండితులు వెళ్లి చెప్పారు కూడా. అయినా చమురు మంత్రిత్వ శాఖ భవనానికి దొరికిన కాపలా మ్యూజియానికి దొరకలేదు. దీన్ని నేను పొరపాటు అనను, అది ఒక ఎంపిక. దాని ఖరీదు దాదాపు 15,000 వస్తువులు.

మొదట్లో ప్రపంచమంతా 1,70,000 పోయాయని రాసింది. అది మ్యూజియంలో ఉన్న మొత్తం సేకరణ లెక్కకు దగ్గరి అంకె, పోయినవాటి లెక్క కాదు. అసలు సంఖ్య చాలా తక్కువని తేలాక కొందరు ఊపిరి పీల్చుకుని 'పెద్దగా ఏం పోలేదన్నమాట' అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. పోయిన వాటిలో ప్రాచీన సుమేరు నగరం ఉరుక్ నుంచి దొరికిన వార్కా పాత్ర ఉంది. మీటరు ఎత్తు ఉండే ఆ అలబాస్టర్ పాత్రకు ఐదు వేల ఏళ్లు, దేవతకు కానుకలు మోసుకొస్తున్న మనుషుల వరుసను దాని మీద చెక్కారు. వార్కా స్త్రీ ముఖమని పిలిచే పాలరాతి శిల్పమూ పోయింది.

దర్యాప్తుకు వచ్చిన బృందానికి నాయకుడు మాథ్యూ బొగ్డానోస్. ఆయన అమెరికా మెరైన్ కల్నల్, సైన్యం పిలవకముందు మన్‌హట్టన్‌లో ప్రాసిక్యూటర్. అంటే దొంగల్ని జైల్లో పెట్టడమే వృత్తిగా ఉన్న మనిషి. అలాంటాయన బాగ్దాద్‌లో చేసిన మొదటి పని దాదాపు దానికి వ్యతిరేకం: వస్తువు తెచ్చివ్వండి, ఎక్కడిదని అడగం, కేసు పెట్టం అన్నారు. మసీదుల్లో ఇమాముల చేత చెప్పించారు, రేడియోలో చెప్పించారు, బృందంలోని వాళ్లు బజారుకు వెళ్లి జనంతో టీ తాగుతూ అదే మాట చెప్పారు. నెమ్మదిగా జనం రావడం మొదలైంది. 'మా ఇంట్లో ఉంటే భద్రంగా ఉంటుందని తీసుకెళ్లాం' అన్నవాళ్లలో కొందరు నిజమే చెప్పి ఉంటారు, కొందరు చెప్పి ఉండరు. ఎవరినీ నిలదీయలేదు. జూన్ 12న ముగ్గురు మనుషులు ఒక కారు డిక్కీలో వార్కా పాత్రను ముక్కలుగా తెచ్చి ఇచ్చి వెళ్లిపోయారు. ఆ ఏడాది ఆఖరుకల్లా ఈ పద్ధతిలో తిరిగొచ్చినవే దాదాపు 2,000.

దీనికి పక్కన సోదాలూ నడిచాయి, అవీ అవసరమే. వార్కా స్త్రీ ముఖం సెప్టెంబర్‌లో బాగ్దాద్ బయట ఒక తోటలో పాతిపెట్టి ఉండగా దొరికింది. బస్సెత్కీ విగ్రహమైతే 150 కిలోల రాగి, ప్రాచీన ఇరాక్‌ను ఏలిన అక్కద్ రాజు నరామ్-సిన్ కాలానిది. ఈడ్చుకెళ్తుంటే మ్యూజియం నేల మీద గాట్లు పడ్డాయి, చివరికి నవంబర్‌లో ఒళ్లంతా గ్రీజు పూసి మురుగు గుంతలో దాచి ఉంచగా బయటపడింది. అయితే ఈ రెంటి వెనకా ఉన్నది ఎవరో చెప్పిన సమాచారమే. తలుపు తట్టి భయపెట్టే సైన్యానికి జనం సమాచారం ఇవ్వరు. అమ్మ చేతికిచ్చి పంపిన వస్తువును కొడుకు వెనక్కి పట్టుకొచ్చినా అరెస్టు చేయరన్న నమ్మకం ఆ వీధిలో పుట్టాకే పక్కింటి పెరట్లో ఏముందో కూడా బయటకొస్తుంది.

దొంగకు శిక్ష లేకపోతే రేపు ఇంకో దొంగ పుడతాడు కదా అంటారు. న్యాయమైన అనుమానమే. కానీ ప్రభుత్వం కూలిన ఊళ్లో, ఆకలి మీద, గొడవల మధ్య చేతికందింది పట్టుకెళ్లిన మనిషిని జైల్లో పెడితే మిగిలినవాళ్లు చేసే పని ఒక్కటే, ఉన్నదాన్ని పగలగొట్టి పారేయడమో దొరికిన ధరకు బేరగాడికి ఇచ్చేయడమో. ఒక్క షరతు మాత్రం గట్టిగా ఉండాలి. తిరిగిచ్చినందుకు డబ్బు ఇవ్వకూడదు. డబ్బిచ్చిన మరుక్షణం అది కొనుగోలు అవుతుంది, ప్రభుత్వమే బజారులో దిగినట్టు అవుతుంది.

పైగా అందరు దొంగలూ ఒకటి కాదు. మ్యూజియంలో మూడు రకాల దొంగతనాలు జరిగాయని దర్యాప్తులో తేలింది. ప్రదర్శన హాళ్లలో ఏది విలువైనదో తెలిసినవాళ్లు ఏరుకుని తీసుకెళ్లినవి నలభై. పై గోదాముల్లో గుంపు చేతికందినట్టు పట్టుకెళ్లినవి మూడు వేలకు పైగా. ఇక నేలమాళిగలో జరిగింది పూర్తిగా వేరు. అక్కడికి దారి తెలిసినవాళ్లు, బీరువాల తాళంచెవులు చేతిలో ఉన్నవాళ్లు వచ్చారు. కరెంటు లేదు, వెలుతురు కోసం స్పాంజి కాల్చారు, ఆ పొగలో తాళంచెవులు కింద పడిపోయి దొరకలేదు. అలా అసలు బీరువాలు, వాటిలోని దాదాపు లక్ష నాణేలు మిగిలిపోయాయి. పక్కన పెట్టెల్లో ఉన్న సిలిండర్ ముద్రలు, పూసలు, తాయెత్తులు మాత్రం పోయాయి, దగ్గర దగ్గర పది వేలు, ఒక సంచీలో పట్టేటంత చిన్న వస్తువులు. ఎదురింటి కుర్రాడికి చూపిన దయ వీళ్లకు చూపమని నేను అనడం లేదు. ఈ రకం దొంగ వెనక కొనేవాడు ముందే ఉంటాడు.

నా వాదన అంతా ఈ కొనేవాడి చుట్టూనే.

మ్యూజియం సొత్తుకు కనీసం నంబరు ఉంటుంది, ఫోటో ఉంటుంది, రిజిస్టర్‌లో ఒక గీత ఉంటుంది. నేలలోంచి దొంగతనంగా తవ్విన దానికి అదేమీ ఉండదు, అది ఉందనే ఎవరికీ తెలియదు. 2003 తర్వాత దక్షిణ ఇరాక్‌లో ఉమ్మా, ఇసిన్ లాంటి సుమేరు నగరాల దిబ్బలు గోతులమయమయ్యాయి. సిరియాలో అపమియా మీద 2011కు ముందు, తర్వాత తీసిన ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే కడుపు తరుక్కుపోతుంది, రోమన్ నగరం నేలంతా జల్లెడైపోయింది. ఐసిస్ అయితే తవ్వకాలకు ఏకంగా శాఖ పెట్టి, తవ్వుకునేవాళ్ల దగ్గర వాటా వసూలు చేసి రసీదులు కూడా ఇచ్చింది. 2015 మేలో వాళ్ల నాయకుడొకరి స్థావరం మీద అమెరికా సైన్యం దాడి చేసినప్పుడు ఆ రసీదులూ, మోసుల్ మ్యూజియం వస్తువులూ కలిసి దొరికాయి. ఆ డబ్బు తుపాకులకే వెళ్లింది. అందుకే మనుషులా రాళ్లా అని విడదీసి అడగడం నాకు సరిగా అనిపించదు.

మరి కొన్నవాడికి ఏమవుతోంది? హాబీ లాబీ అనే అమెరికా కంపెనీ 2010లో ఇరాక్ మూలాలున్న వేల వస్తువులను 16 లక్షల డాలర్లకు కొంది, జాగ్రత్త అని నిపుణులు చెప్పినా వినకుండా. వాటిలోని రాతపలకలు, అంటే రాత చెక్కిన ప్రాచీన మట్టి పలకలు, 'పింగాణీ టైల్స్ నమూనాలు' అన్న లేబుల్‌తో పార్శిళ్లలో వచ్చాయి. 2017లో వస్తువులు వదులుకుని 30 లక్షల డాలర్లు కట్టి బయటపడింది, ఎవరూ జైలుకు వెళ్లలేదు. మైకేల్ స్టైన్‌హార్ట్ అనే కోటీశ్వరుడు 2021లో ఏడు కోట్ల డాలర్ల విలువైన 180 వస్తువులు అప్పగించి, ఇక జన్మలో పురావస్తువులు కొనకూడదన్న నిషేధంతో సరిపెట్టుకున్నాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో దాదాపు 40 లక్షల డాలర్లు పెట్టి కొన్న ఈజిప్టు బంగారు పూత శవపేటిక 2011 తిరుగుబాటు రోజుల్లో తవ్విందని తేలింది. దానికి చూపించిన ఎగుమతి లైసెన్సు 1971 మే తేదీది, ముద్ర మాత్రం ఈజిప్టు ఆ ఏడాది సెప్టెంబర్‌లో పెట్టుకున్న కొత్త పేరుతో ఉంది. ఒక్క పూట కూర్చుని చూస్తే దొరికే తప్పు ఇది. ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో ఒకదానికి అది కనిపించలేదంటే చూడాలన్న ఒత్తిడి లేకనే.

ఒత్తిడి పెడితే పని జరుగుతుందనడానికి ఆధారం ఉంది. 2003 మేలో భద్రతామండలి 1483వ తీర్మానంలో, 1990 ఆగస్టు తర్వాత ఇరాక్ నుంచి అక్రమంగా వచ్చిన సాంస్కృతిక సంపద వ్యాపారాన్ని అన్ని దేశాలూ ఆపాలని చెప్పింది. బ్రిటన్ దాన్ని అమలు చేసిన తీరు నాకు చాలా నచ్చుతుంది: వస్తువు నీ దగ్గరుంటే అది దొంగసొత్తని నీకు తెలియదనీ, అనుమానించే కారణం లేదనీ నువ్వే నిరూపించుకోవాలి. ప్రాసిక్యూషన్ కాదు, నువ్వు. ఆ తర్వాత లండన్ వేలాల్లో మెసొపొటేమియా రాతపలకలు, ముద్రలు కనిపించడం బాగా తగ్గిపోయింది. సరుకు వేరే దారులు వెతుక్కుని ఉండొచ్చు, ఇంటర్నెట్ అమ్మకాల్లోకి జారి ఉండొచ్చు, కానీ భారాన్ని అటు నుంచి ఇటు మార్చగానే పెద్ద బజారు వెనక్కి తగ్గిందన్నది ముఖ్యం. యూరోపియన్ యూనియన్ కూడా 250 ఏళ్లు దాటిన తవ్వకాల వస్తువుకు దిగుమతి లైసెన్సు ఉండాలని రూలు పెట్టింది, 2025 జూన్ నుంచి అది అమల్లోకి వచ్చింది. వ్యాపారులు గోల పెడుతున్నారు, చిన్న డీలర్లు కాగితాలకే చచ్చిపోతారని. కారు కొనాలన్నా ఆర్‌సీ అడుగుతాం, రెండు వేల ఏళ్ల నాటి దేవుడి విగ్రహానికి కాగితం అడిగితే తప్పెలా అవుతుంది?

తెచ్చిచ్చినవాణ్ణి వదిలేయడం, కొన్నవాణ్ణి నిలదీయడం, కాంబోడియా కథలో ఈ రెండు ముక్కలూ ఒకచోట కలుస్తాయి. కో కెర్‌లో ప్రసాత్ చెన్ గుడి, పదో శతాబ్దానిది. అక్కడ గదాయుద్ధానికి సిద్ధంగా ఎదురెదురుగా భీముడు, దుర్యోధనుడు నిలబడి ఉండేవారు. 1970ల అంతర్యుద్ధంలో ఇద్దర్నీ చీలమండల దగ్గర విరగ్గొట్టి పట్టుకుపోయారు. దుర్యోధనుడు 2011లో న్యూయార్క్‌లో వేలానికొచ్చాడు, భీముడు కాలిఫోర్నియాలో ఒక మ్యూజియంలో తేలాడు. పాదాలు మాత్రం గుడిలో పీఠాల మీదే ఉండిపోయాయి, అవే సాక్ష్యం అయ్యాయి. 2014లో ఇద్దరూ ఇంటికొచ్చారు. ఆ తర్వాత కాంబోడియా బృందం ఇంకా మంచి పని చేసింది. ఒకప్పుడు ఈ గుళ్లను దోచిన మనుషులనే, వాళ్లలో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటు దళం మాజీ సైనికుడూ ఉన్నాడు, వెతికి పట్టుకుని శిక్ష భయం లేకుండా మాట్లాడనిచ్చింది. వాళ్లు గుడి గుడికీ తీసుకెళ్లి ఏ విగ్రహం ఎక్కడ ఉండేదో, ఎలా తీశారో చూపించారు. ఆ సాక్ష్యాలు డగ్లస్ లాచ్‌ఫోర్డ్ అనే పేరుమోసిన డీలర్ చుట్టూ ఉన్న కేసుకు బలమయ్యాయి. 2019లో న్యూయార్క్‌లో అతని మీద అభియోగాలు నమోదయ్యాయి, విచారణ రాకముందే చనిపోయాడు. 2023 డిసెంబర్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం 14 శిల్పాలు కాంబోడియాకు ఇచ్చేస్తామని ప్రకటించింది. కింద ఉన్న కూలీని క్షమించినందువల్లే పైనున్న వ్యాపారి దొరికాడు. అయితే దీనికి నలభై ఏళ్లు పట్టింది, ఆ నలభై ఏళ్లలో చనిపోయిన సాక్షులెందరో.

'ఆ దేశాల్లో ఉంటే ఎలాగూ నాశనమయ్యేవి, మా దగ్గర ఉండబట్టే బతికాయి' అనేవాళ్లకు కాబూల్ గురించి చెప్పాలి. అక్కడి మ్యూజియం రాకెట్ల దెబ్బ తిన్నది, సేకరణలో ఎక్కువ భాగం దోపిడీ అయింది, నిజమే. కానీ ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లోని తిల్యా తెపెలో 1978లో దొరికిన ఇరవై వేలకు పైగా బంగారు వస్తువులను సిబ్బంది అధ్యక్ష భవనంలోని బ్యాంకు నేలమాళిగలో దాచి, తాలిబాన్ల కాలమంతా నోరు మెదపకుండా కాపాడారు. బాగ్దాద్ మ్యూజియం సిబ్బంది యుద్ధానికి ముందే ఎనిమిది వేలకు పైగా వస్తువులను రహస్య చోటికి మార్చి, ఎవరికీ చెప్పమని ఖురాన్ మీద ప్రమాణం చేశారు. సిరియాలోని ప్రాచీన నగరం పాల్మిరాకు నలభై ఏళ్లు కాపలా ఉన్న ఖాలిద్ అల్-అసద్ ఎనభై దాటిన వయసులో, వస్తువులు ఎక్కడ దాచారో ఐసిస్‌కు చెప్పకుండా 2015 ఆగస్టులో వాళ్ల చేతిలోనే చనిపోయాడు. కాపాడింది లండన్ డీలర్లు కాదు, జీతాలు కూడా సరిగా అందని ఈ మనుషులు.

ఒక చోట మాత్రం క్షమాభిక్ష పనికిరాదు, అది దొంగ స్వయంగా ప్రభుత్వమే అయినప్పుడు. 1990లో ఇరాక్ సైన్యం కువైట్ మ్యూజియాన్ని ఖాళీ చేసి బాగ్దాద్‌కు తరలించింది. 1991లో భద్రతామండలి 686వ తీర్మానంతో కువైట్ ఆస్తిని తిరిగివ్వమంది, ఐక్యరాజ్యసమితి మనుషుల ముందే లెక్కపెట్టి చాలావరకు వెనక్కిచ్చారు. ఓడిపోయిన దేశం కాబట్టి ఇచ్చింది. యుక్రెయిన్‌లోని ఖెర్సోన్ ఆర్ట్ మ్యూజియం నుంచి 2022 చివర్లో రష్యా బలగాలు వెళ్లిపోతూ పది వేలకు పైగా కళాఖండాలు లారీల్లో క్రిమియాకు తీసుకెళ్లాయి. ఖెర్సోన్ సిబ్బంది ఇప్పుడు చేస్తున్నదల్లా క్రిమియాలోని సిమ్ఫెరోపోల్ మ్యూజియం ఫోటోలు, వీడియోలు పట్టుకుని తమ కేటలాగ్‌తో పోల్చుతూ ఒక్కొక్క చిత్రాన్నీ గుర్తుపట్టి రాసుకోవడం. ఫలితం ఎప్పుడో ఎవరికీ తెలియదు, కానీ ఆ జాబితా లేకపోతే రేపు అడగడానికి కూడా ఏమీ ఉండదు.

ఇప్పుడు సూడాన్. 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో ఖార్తూమ్ జాతీయ మ్యూజియం దోపిడీ అయింది, నూబియా రాజుల బంగారం ఉంచిన గది ఖాళీ అయింది. నగరాన్ని సైన్యం మళ్లీ పట్టుకున్నది 2025 మార్చిలో, అప్పటికే ఎంతో సరుకు ఎటో వెళ్లిపోయింది. బాగ్దాద్‌లో పోయినంత సమయం ఇక్కడ ఎన్నో రెట్లు పోయింది. ఇరాక్‌కు 1483వ, సిరియాకు 2015లో 2199వ తీర్మానం వచ్చినట్టు సూడాన్‌కూ పేరు పెట్టి ఒక తీర్మానం కావాలి, 2023 ఏప్రిల్ తర్వాత కనిపించే ఏ సూడాన్ వస్తువుకైనా కాగితం చూపాల్సింది దాన్ని పట్టుకున్నవాడేనని అందులో స్పష్టంగా రాయాలి. పక్క దేశాల్లో, శరణార్థి శిబిరాల దగ్గర, తెచ్చిచ్చినవాళ్లను ఏమీ అడగబోమని చెప్పే మనుషులు ఇప్పుడే, యుద్ధం ఆగకముందే కూర్చోవాలి. చిల్లర డబ్బుకు ఆ బంగారు వస్తువులను కరిగించి అమ్మేసుకునే రోజు రాకముందే.