ఆ ఐకాన్లు మీకేం చేశాయండీ?

అమీర్‌పేటలో నాదో చిన్న నెట్ సెంటర్. పొద్దున్నే షట్టర్ ఎత్తి చూస్తే క్రోమ్ ఐకాన్ రీసైకిల్ బిన్‌లో! వర్డ్ ఏమో కింద మూలకి పోయి నక్కింది. హాల్ టికెట్ ప్రింట్‌కి వచ్చినవాడికి ఐకాన్లతో ఏం పని? "అన్నా, ఇంటర్నెట్ పోయింది" అంటాడు తర్వాత కూర్చున్నవాడు. పోయింది ఇంటర్నెట్ కాదు నాయనా, ఐకాన్!

షార్ట్‌కట్‌లన్నీ పబ్లిక్ డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో (ఇందులోవి ఏ అకౌంట్‌లోకి వెళ్లినా డెస్క్‌టాప్ మీద కనిపిస్తాయి) పెట్టి, కస్టమర్లకి అడ్మిన్ హక్కుల్లేని స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చా. ఇప్పుడు డిలీట్ కొడితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. హమ్మయ్య. మరి జరిపేస్తే? దానికి గ్రూప్ పాలసీ ఉందట, అంటే యూజర్లని కట్టడి చేసే విండోస్ సెట్టింగులు. నావన్నీ విండోస్ హోమ్ ఎడిషన్, అందులో ఆ పాలసీలు మార్చే ఎడిటరే రాదు! ఐకాన్లని వరసగా ఉంచే ఆటో అరేంజ్ పెట్టానా, రైట్ క్లిక్ కొట్టి మరీ తీసేస్తారు.

నిన్నొకాయన ఐకాన్లన్నీ గుండ్రంగా పేర్చి, "నీట్‌గా సర్దా తమ్ముడూ" అన్నాడు. పైగా ప్రింట్‌కి రెండు రూపాయలు తగ్గించమంటాడు!