టవల్ రాడ్ గారికి బదిలీ లేఖ

మహారాజశ్రీ మా బాత్రూమ్ టవల్ రాడ్ గారికి,

విశాఖ ఎంవీపీ కాలనీలోని ఈ ఫ్లాట్‌లో మిమ్మల్ని బిగించింది తడి తువ్వాలు ఆరేసుకోవడానికి. మావయ్యగారు మాత్రం కమోడ్ మీద నుంచి లేచే ప్రతిసారీ మిమ్మల్నే పట్టుకుంటారు. అంటే డెబ్బై దాటిన మనిషి బరువంతా మీ రెండు చివరల ఉన్న ప్లాస్టిక్ ప్లగ్గులూ, బుల్లి స్క్రూలూ మోస్తున్నాయన్నమాట. మీ తెగింపుకి దణ్ణం.

మీ మీద మా వారికి ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా బాల్కనీ అద్దాలు పగిలాయి, వీధిలో చెట్లు కూలాయి, మీరు మాత్రం చెక్కుచెదరలేదు. "అంత తుఫానుకే ఊడలేదు, నాన్న పట్టుకుంటే ఊడుతుందా?" అంటారు. తుఫాను బాత్రూమ్‌లోకి రాలేదండీ అంటే, ప్రతిదానికీ లాజిక్ తీయకు అంటారు.

తుఫాను రాకపోయినా ఉప్పుగాలి రోజూ వస్తూనే ఉంది. మీ స్క్రూ తల దగ్గర మొదలైన తుప్పు మరక టైల్ మీదకి జానెడు దిగింది. సముద్రం పక్కన 304 రకం స్టీలుకి కూడా మచ్చలొస్తాయి, మాలిబ్డినం కలిసిన 316 అయితే బాగా తట్టుకుంటుంది. ఇది నా పరిజ్ఞానం కాదు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన మావయ్యగారే చెప్పారు. చెప్పి, బాత్రూమ్‌లోకి వెళ్ళి మళ్ళీ మిమ్మల్నే పట్టుకున్నారు.

ఈమధ్య ఇల్లు బాగుచేయిద్దామని అందరం కూర్చున్నాం. హాలుకి ఫాల్స్ సీలింగ్, వంటింటికి కొత్త అరలు, టీవీ వెనక గోడకి చెక్క పలకలు. దేనికీ ఎవరూ కాదనలేదు. బాత్రూమ్‌లో గ్రాబ్ బార్, అంటే పట్టుకుని లేవడానికి గోడకి గట్టిగా బిగించే కడ్డీ, అన్నానో లేదో, "ఆసుపత్రిలా ఉంటుంది" అని ఇంటిల్లిపాదీ ఏకమయ్యారు. మావయ్యగారికైతే రోషం పొడుచుకొచ్చింది. "నేనేమన్నా ముసలాణ్ణా?" అని అడగడానికి సోఫాలోంచి లేవబోయి, మా అబ్బాయి చెయ్యందిస్తే లేచి మరీ అడిగారు.

మీకు కోపం రాకూడదు గానీ, గ్రాబ్ బార్ మీ జాతి కాదు. అమెరికా ప్రమాణం ప్రకారం అది 250 పౌన్లు, అంటే సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలి. గుప్పిట్లో ఇమిడే లావు ఉండాలి. గోడకీ దానికీ మధ్య సందు నాలుగు సెంటీమీటర్ల లోపే ఉండాలి. వేళ్ళు దూరాలి గానీ, పట్టు జారితే చెయ్యి అందులో ఇరుక్కోకూడదు. మేస్త్రీ వచ్చి గోడంతా వేలి కణుపుతో కొట్టి విన్నాడు. "ఇక్కడ టైల్ వెనక బోలుగా ఉందమ్మా, ఇక్కడ బిగిస్తే టైల్‌తో సహా ఊడొస్తుంది" అన్నాడు. మీరున్నది సరిగ్గా అక్కడే.

మీ ఎదురుగా ఉన్న తలుపు గారూ తక్కువేం కాదు. లోపలికి తెరుచుకుంటారు. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడితే, మేం తోసినకొద్దీ తలుపు ఆయనకే తగులుతుంది. బయటికి తెరుచుకునేలా మార్పిద్దాం, గడియ కూడా బయట నుంచి తీయగలిగేది పెడదాం అంటే, అత్తయ్యగారు వాస్తు సిద్ధాంతికి ఫోన్ కలిపారు. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.

కాబట్టి, ప్రస్తుతానికి మిమ్మల్ని బాల్కనీకి బదిలీ చేస్తున్నాం. అక్కడ తువ్వాళ్ళు, పిల్లల యూనిఫాంలు తప్ప ఇంకేమీ మోయక్కర్లేదు. మీ బదులు వచ్చే గ్రాబ్ బార్‌కి మా వారు బంగారు రంగు అడిగారు, ఆసుపత్రిలా కనపడదట. సరేనన్నాను. చివరికి మావయ్యగారూ ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. ఇంటికి ఎవరొచ్చినా అది తువ్వాలు ఆరేసుకునే రాడ్డనే చెప్పాలట.

ఇట్లు,
ఈ ఇంటి కోడలు

తా.క.: మీ కింద అద్దంలా మెరుస్తున్న టైల్స్ గారికి ఈ ఉత్తరం చదివి వినిపించగలరు. ఆర్ 11 రకం గరుకు టైల్స్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాం.