అంతరిక్షం చీకటికి కారణం దూరం కాదు, కాలం

అంతరిక్షం ఎందుకు నల్లగా ఉంటుందని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబులు రెండు. అక్కడ గాలి లేదు కాబట్టి కాంతి చెదరదు అన్నది ఒకటి. నక్షత్రాలు మరీ దూరాన ఉన్నాయి కాబట్టి వాటి వెలుగు మన దాకా వచ్చేసరికి నీరసించిపోతుంది అన్నది రెండోది. పిల్లలు అడిగినా మనం చెప్పేది ఇవే. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ అసలు ప్రశ్న రెండింటికీ అందకుండానే ఉండిపోతుంది. ఆ ప్రశ్న పట్టుకుని లాగితే విశ్వం వయసు దాకా వెళ్తాం. అందుకే దీన్ని తేలిగ్గా దాటేయడం నాకు నచ్చదు.

ముందు గాలి సంగతి. పగటి ఆకాశం నీలంగా ఉండేది వాతావరణంలోని అణువులు సూర్యకాంతిని, అందులోనూ నీలిరంగును ఎక్కువగా, అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్ల. చంద్రుడి మీద గాలి లేదు గనుక సూర్యుడు మండుతున్నా పైన ఆకాశం నల్లగానే ఉంటుంది. అపోలో ఫొటోల్లో చుక్కలు కనిపించకపోవడానికి కారణం వేరు. ఎండలో మెరిసే నేలకూ తెల్లటి స్పేస్ సూట్లకూ సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెట్టారు. అంత కొద్ది వ్యవధిలో చుక్కల మసక వెలుగు ఫిల్ము మీద నమోదు కాదు. ఇదంతా ఒక్క సూర్యుడి కాంతికి సంబంధించిన ముచ్చట. సూర్యుణ్ని పక్కన పెట్టి చూద్దాం. అంతులేని విశ్వంలో ఏ దిక్కుకు చూసినా, చూపు ఎక్కడో ఒకచోట ఒక నక్షత్రానికి తగలాలి. మరి దాని వెలుగు ఏమైంది? దీనికి గాలి దగ్గర సమాధానం లేదు.

దూరం జవాబు ఇంతకంటే గట్టిగా కనిపిస్తుంది. నక్షత్రం రెట్టింపు దూరం జరిగితే దాని నుంచి మనకు అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, నిజమే. అయితే ఆకాశంలో అది ఆక్రమించే చోటు కూడా సరిగ్గా నాలుగో వంతే అవుతుంది. అంటే ఆ చోటులో ఒక్కో అంశం ఎంత ప్రకాశంగా ఉండేదో అంతే ప్రకాశంగా ఉంటుంది. నెప్ట్యూన్ దగ్గర నుంచి చూస్తే సూర్యబింబం వైశాల్యం మనకు కనిపించేదానిలో 900వ వంతే. కానీ అంత చిన్న బింబమూ ఇక్కడి బింబమంత తీక్షణంగానే కళ్లు చెదరగొడుతుంది. దూరం నక్షత్రాన్ని చిన్నది చేస్తుందే గానీ, దాని ముఖాన్ని మసకబార్చదు.

ఇప్పుడు భూమి చుట్టూ ఒకే మందం ఉన్న పొరలు ఒకదాని వెనక ఒకటి ఊహించండి. మొదటి పొర కంటే పది రెట్ల దూరంలో ఉన్న పొరలో ఒక్కో నక్షత్రం ఇచ్చే వెలుగు నూరో వంతు. అయితే ఆ పొర విస్తీర్ణం నూరు రెట్లు గనుక అందులో నక్షత్రాలూ నూరు రెట్లు ఉంటాయి. రెండూ చెల్లుకు చెల్లు. దగ్గరి పొర ఎంత వెలుగు ఇస్తుందో దూరపు పొరా అంతే ఇస్తుంది. పొరలకు అంతు లేకపోతే, ముందున్న నక్షత్రాలు వెనకవాటిని కప్పేసే దాకా వెలుగు పెరుగుతూ పోవాలి. చివరికి ఆకాశమంతా నక్షత్రాల ముఖాలతో ఖాళీ లేకుండా నిండిపోవాలి. సూర్యబింబం మొత్తం ఆకాశంలో దాదాపు 1,80,000వ వంతు. అంటే లెక్క ప్రకారం మన మీద లక్షా ఎనభై వేల సూర్యుళ్ల వెలుగు కురవాలి. అప్పుడు రాత్రనేది ఉండదు. భూమీ ఉండదు.

ఈ చిక్కుకు జర్మన్ వైద్యుడు, ఖగోళ పరిశీలకుడు హైన్‌రిష్ ఓల్బర్స్ పేరు పెట్టారు. ఆయన దీని మీద రాసింది 1823లో. కానీ ఆ పేరు అంత న్యాయమైనది కాదు. అప్పటికి రెండు శతాబ్దాల ముందే, 1610లో, గెలీలియో టెలిస్కోప్ పరిశీలనలకు స్పందిస్తూ కెప్లర్ రాత్రి చీకటినే సాక్ష్యంగా చూపించి, నక్షత్రాల లోకానికి హద్దు ఉండి తీరాలని వాదించాడు. 1744లో స్విట్జర్లాండ్‌కు చెందిన షెజో ఈ పొరల లెక్కను అంకెలతో సహా వేశాడు. షెజో, ఓల్బర్స్ ఇద్దరూ చెప్పిన పరిష్కారం ఒకటే: నక్షత్రాల మధ్య ఉన్న పలుచని పదార్థం ఏదో దూరపు వెలుగును మింగేస్తోంది.

వినడానికి బాగుంది, ఇప్పటికీ చాలామంది ఇదే చెబుతుంటారు. నక్షత్రాల మధ్య ధూళి ఉన్నమాటా వాస్తవమే. కానీ 1848లో ఆంగ్ల ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఇందులో లొసుగు పట్టుకున్నాడు. మింగిన శక్తి ఎక్కడికీ పోదు. కాలం అనంతంగా ఉంటే ఆ ధూళి వేడెక్కుతూ వేడెక్కుతూ చివరికి నక్షత్రాలంత వేడితో తానే వెలగడం మొదలుపెడుతుంది. అడ్డుపెట్టిన తెరే దీపమైపోతుంది. ధూళి వాదం అక్కడితో చెల్లిపోయింది.

అసలు జవాబు మొదట తట్టింది ఒక కవికి కావడం ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. అదే 1848లో ఎడ్గార్ అలెన్ పో, దూరపు నక్షత్రాల నుంచి ఒక్క కిరణం కూడా ఇంకా మన దాకా చేరలేదేమో అని రాశాడు. కాంతికి వేగ పరిమితి ఉందని 17వ శతాబ్దం నుంచే తెలుసు. అయినా దూరం చూడటమంటే గతంలోకి చూడటమే అన్న సంగతిని ఈ చీకటితో కలిపి ఆలోచించినవాళ్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కించదగినంత మందే. 1901లో లార్డ్ కెల్విన్ దీనికి లెక్క కట్టాడు. ఆకాశాన్ని నింపేంత దూరం నుంచి వెలుగు రావడానికి పట్టే కాలం, నక్షత్రాలు వెలిగే కాలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువని చూపించాడు. సమస్య అక్కడితో తీరిపోవాలి. కానీ ఆ వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1980ల్లో విశ్వశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిసన్ వెలికి తీసే దాకా అది మరుగునే పడి ఉంది.

హారిసన్ స్వయంగా చేసిన పని ఇంకా లోతైనది. అడవి మధ్యలో నిలబడితే ఎటు చూసినా చెట్లే, సందు కనిపించదు. అదే చెట్లు బాగా పలచగా ఉంటే, సందులన్నీ మూసుకుపోవాలంటే అడవి చాలా పెద్దదై ఉండాలి. విశ్వంలో నక్షత్రాలు ఎంత పలచగా ఉన్నాయంటే, చూపు ఏదో ఒక నక్షత్రానికి తప్పక తగలాలంటే దాదాపు ఒకటి పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కాంతి సంవత్సరాల దూరం పోవాలి. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు, అంటే ఒకటి పక్కన పది సున్నాలు దాటిన అంకె మాత్రమే. మనకు అందే వెలుగు ఆ వయసుకు మించిన పాతది కాలేదు. సరిపడా నక్షత్రాలు చూపు పరిధిలోకే రాలేదు.

పోనీ, ఎంతకాలమైనా ఆగుదామనుకుందాం. అప్పుడూ నిండదు. సూర్యుడి లాంటి నక్షత్రం వెలిగేది సుమారు 1000 కోట్ల ఏళ్లు. ఆకాశం నిండటానికి కావలసిన కాలంతో పోలిస్తే అది రెప్పపాటు కూడా కాదు. దూరపు వెలుగు వచ్చేలోపు దగ్గరివి ఆరిపోతాయి. ఇంకో దారిలో చూసినా ఇదే తేలుతుంది. విశ్వంలోని పదార్థాన్నంతటినీ ఇప్పటికిప్పుడు పూర్తిగా కాంతిగా మార్చేశారనుకోండి. అప్పుడు కూడా అంతరిక్షం ఉష్ణోగ్రత 20 కెల్విన్ల చుట్టుపక్కలకే చేరుతుంది, అంటే సున్నాకు దిగువన 250 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో. ఆకాశం సూర్యుడి ముఖంలా వెలగాలంటే దాదాపు 5500 డిగ్రీలు కావాలి. దానికి సరిపడా ఇంధనమే విశ్వం దగ్గర లేదు. ఇది గ్రహించాక దూరం గురించిన మాటలన్నీ నాకు పైపై మాటలుగానే కనిపిస్తాయి.

ఇక్కడ ఇంకో పొరపాటును ఎత్తిచూపాలి, ఎందుకంటే ఇది చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. విశ్వం వ్యాపిస్తోంది కాబట్టి దూరపు కాంతి ఎరుపు వైపు జరిగిపోయి కంటికి కనిపించకుండా పోతుంది, అందుకే చీకటి అంటారు. ఈ వివరణ 1950ల్లో హెర్మన్ బోండి వంటివారి వల్ల ప్రచారంలోకి వచ్చింది. విశ్వానికి ఆదీ అంతం లేవని, ఎప్పటికీ ఒకేలా ఉంటుందని నమ్మిన స్థిరస్థితి సిద్ధాంతానికి ఆ వివరణ తప్పనిసరి. కాలానికి హద్దు లేదనుకున్నప్పుడు చీకటికి వ్యాపనం తప్ప మరో దిక్కు లేదు. ఆ సిద్ధాంతం వీగిపోయింది, దాని కోసం పుట్టిన వివరణ మాత్రం నిలిచిపోయింది. 1987లో పాల్ వెసన్, ఆయన సహచరులు లెక్క కట్టి చూస్తే, వ్యాపనం వల్ల నక్షత్ర కాంతి తగ్గేది సుమారు సగానికే అని తేలింది. మిగతా చీకటంతా విశ్వం వయసు చలవే.

వ్యాపనం నిజంగా నిర్ణాయకమైన చోటు ఒకటుంది. విశ్వానికి ఆరంభమైన మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) జరిగిన 3,80,000 ఏళ్లకు విశ్వమంతా సుమారు 3000 కెల్విన్ల వేడితో వెలిగే వాయువుగా ఉండేది. నక్షత్రాల మధ్య సందుల్లోంచి మన చూపు చివరికి తగిలేది ఆ వెలిగే గోడకే. అంటే ఆకాశంలో ఖాళీ దిక్కు అంటూ లేనే లేదు! పాత చిక్కు చెప్పినట్టు ప్రతి చూపూ వెలుగు దగ్గరే ఆగుతోంది. అయితే ఆనాటి కాంతి తరంగాలు విశ్వంతో పాటు దాదాపు 1100 రెట్లు సాగిపోయి మైక్రోవేవ్‌లుగా మారాయి, ఉష్ణోగ్రత 2.7 కెల్విన్లకు దిగింది. 1964లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమ యాంటెనాలో ఎంత వెతికినా పోని శబ్దంగా పట్టుకున్నది దీన్నే. అందుకు 1978లో నోబెల్ వచ్చింది. నక్షత్ర కాంతి లేమికి కారణం కాలం, ఆదిమ కాంతి కనబడకపోవడానికి కారణం వ్యాపనం. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే ఏదీ అర్థం కాదు.

ఇంతకీ ఆ చీకటి ఎంత చీకటి? భూమి దగ్గర నుంచి కొలవడం చాలా కష్టం. సౌరకుటుంబం లోపలి భాగంలో తేలే ధూళి సూర్యకాంతిని చెదరగొట్టి కొలతను పాడుచేస్తుంది. 2006లో బయలుదేరి 2015లో ప్లూటోను దాటిన న్యూ హొరైజన్స్ నౌక ఆ ధూళిని ఎప్పుడో వెనక వదిలేసింది. సూర్యుడికి, భూమికి మధ్య ఉన్న దూరానికి 40 రెట్లకు మించిన దూరంలో, నౌక శరీరమే కెమెరాకు నీడ పట్టేలా తిప్పి, పాలపుంత వెలుగుకు దూరంగా ఉన్న ఆకాశ భాగాల్ని అది ఫొటో తీసింది. 2021 నాటి ఫలితాల్లో గెలాక్సీలన్నిటి లెక్కకు మించి వెలుగు కనిపించింది. అదేదో కొత్త మూలం కావచ్చన్న ఉత్సాహమూ పుట్టింది. మన గెలాక్సీ ధూళి ప్రభావాన్ని మరింత జాగ్రత్తగా తీసేశాక, 2024లో ఆ మిగులు కనిపించకుండా పోయింది. ఇన్ని కోట్ల ఏళ్లలో గెలాక్సీలు పోగుచేసిన వెలుగు ఎంతో, కెమెరాకు అందింది ఇంచుమించు అంతే.

ఆ పోగు ఇకముందు కూడా పెద్దగా పెరగదు. విశ్వంలో నక్షత్రాలు జోరుగా పుట్టిన కాలం సుమారు 1000 కోట్ల ఏళ్ల కిందటే గడిచిపోయింది. ఇప్పటి పుట్టుకల వేగం అప్పటిదానిలో దాదాపు పదో వంతు. పైగా వ్యాపనం వేగం పుంజుకుంటోందని 1998లో బయటపడింది. కొత్త వెలుగు తగ్గుతోంది, ఉన్నదేమో మరింత పలచనవుతోంది. ఆకాశం ఇంకా నల్లబడుతుంది.