చేవ లేని చెక్కకు బిల్లా?

సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున వేల మంది ఆడబిడ్డలు ఉత్తకాళ్లతో, తడి కాళ్లతో తిరుగుతారు. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గరైనా, వరంగల్ భద్రకాళి చెరువు వద్దనైనా ఏటా కనిపించేది ఇదే. అలాంటి చోట వేసిన చెక్క నడకదారిలో కాలి కింద పలక విరిగితే ఆ పాపం అంచనా రాసినవాళ్లది. చెక్క నడకదారులకు పిలిచే టెండర్లలో ‘నాణ్యమైన గట్టి కలప’ అని రాసి ఊరుకునే పద్ధతి ఇకనైనా ఆగాలి. ఒక చెరువు కట్టకు రాసిన అంచనానే పేరు మార్చి పక్క ఊరి కట్టకు పెడితే ఒక చోటి తప్పు పది చోట్లకు పాకుతుంది. మా భయం దాని గురించే.

టేకు అని రాసినా చాలదు. టేకులో వానకు, చెదకు తట్టుకునేది చేవ, అంటే మాను నడుమ ఉండే ముదురు చెక్క. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ బలం లేదు. చిన్న వయసులో కొట్టిన తోట టేకులో ఆ తెల్లచెక్కే ఎక్కువ. కాంట్రాక్టరు వేసింది టేకే, కాగితం ప్రకారం తప్పు లేదు, పలక మాత్రం పుచ్చింది! భారత ప్రమాణాలు కలప మన్నికను మూడు తరగతులు చేశాయి. సగటున 120 నెలలు, ఆపైన నిలిచేది మొదటిది. 60 నెలలు కూడా నిలవనిది మూడోది. ‘మొదటి తరగతి, చేవ మాత్రమే’ అన్న మాట టెండరులో పడాలి. నల్లమద్ది గట్టిదే కానీ ఎండకు పగుళ్లిస్తుంది. పైన్ లాంటి మెత్తని కలప వేస్తే పైపూత సరిపోదు, పుచ్చనీయని మందును పీడనంతో లోపలికి ఎక్కించాలి. ఆర్సెనిక్ ఉన్న మందు పిల్లల చేతులు, ఉత్తకాళ్లు తగిలే చోట వద్దు.

మంచి కలపనూ చెడ్డ బిగింపు పాడు చేస్తుంది. పలకలు 12 శాతం తేమ దాకా ఆరాలి, అది మీటరు పెట్టి చూడాలి. పచ్చి చెక్క ఎండకు మెలి తిరుగుతుంది. సందు లేకుండా అతికించి వేస్తే వానకు ఉబ్బి ఒకదాన్నొకటి పైకి నెడతాయి. 5, 6 మిల్లీమీటర్ల సందు కావాలి. అదే 12 మి.మీ. దాటితే చక్రాల కుర్చీ చిన్న చక్రం ఇరుక్కునే ప్రమాదం ఉంది. పలక మందం 25 మి.మీ.కు తగ్గకూడదు, కింద దూలాల ఎడం 400 మి.మీ. దాటకూడదు. ప్రతి దూలం మీదా రెండేసి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, ముందే డ్రిల్లుతో రంధ్రం వేసి బిగించాలి. ఇనుప మేకు టేకును నల్లబరుస్తుంది, తుప్పు పట్టి తల పైకి లేపుతుంది. కాలికి గుచ్చుకునేది అదే. నీళ్లు ఎక్కువగా పీల్చేవి కోసిన కొసలు కాబట్టి వాటికి మైనం పూత తప్పనిసరి. కింద గాలాడేలా నేలకు 150 మి.మీ. ఎత్తుండాలి. జనం గుమిగూడే చోట చదరపు మీటరుకు 500 కిలోల బరువు లెక్క వేయాలి. బతుకమ్మ చుట్టూ అందరూ ఒకేసారి అడుగు వేస్తారన్నది ఇంజినీర్లకు కొత్తగా చెప్పాలా?

చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే కాంపోజిట్ పలకలైతే ఈ గొడవ లేదని, అడవి మిగులుతుందని కొందరంటారు. త్వరగా పుచ్చవు, నిజమే. కానీ ముదురు రంగు పలక మీద మే నెల మధ్యాహ్నం ఉత్తకాలు మోపలేం. వేడికి పొడవునా సాగుతాయి, కొసల్లో ఎడం వదలకపోతే వంగుతాయి. పైన గాడులు పెట్టిన పలక జారదన్న నమ్మకమూ సరికాదు. గాడుల్లో మట్టి చేరి పాచి పడుతుంది. వానాకాలానికి ముందూ తర్వాతా బ్రష్షుతో రుద్ది కడిగే మనిషి కూలి ఏ అంచనాలో రాశారు?

ఏది ఎంచుకున్నా పాత అంచనాకు నకలు తీసే అలవాటు పోకపోతే ఇవన్నీ వృథా. కొత్త కట్ట కాగితం మీద సంతకం పెట్టేముందు పాత కట్ట మీద నాలుగు పలకలు ఊడదీయించి వాటి అడుగుభాగం చూడండి. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చండి. అది మెత్తగా దిగితే, అదే అంచనా మళ్లీ మా ఊళ్లకు పంపే హక్కు మీకు లేదు.