ఇంటి బ్లెండరుకు గుర్తింపు కార్డు ఇవ్వాలి

స్కాట్లండ్‌లో మాస్టర్ బ్లెండరు, అంటే రకరకాల విస్కీలను కలిపి రుచి కుదిర్చే పెద్ద నిపుణుడు, అనిపించుకోవాలంటే ఏళ్ల తరబడి పీపాల చుట్టూ తిరిగి ముక్కుకు పని నేర్పాలి. మన దగ్గర అంత ఆలస్యం లేదు. ఇంట్లో ఆడవాళ్లు పెళ్లికి వెళ్లి ఉండాలి, బీరువాలో నాలుగు సీసాల అడుగున తలా కాస్త మిగిలి ఉండాలి. ఏడు గంటలకల్లా నిపుణుడు తయార్. పప్పులో ఉప్పు చాలిందో లేదో పాతికేళ్లుగా భార్యను అడిగి తెలుసుకుంటున్న మనిషికి, ఆ క్షణం నుంచి పొగ వాసన, తేనె వాసన, ఎండుద్రాక్ష వాసన విడివిడిగా తెలుస్తాయి.

ఈ వర్గాన్ని వెక్కిరించడం అన్యాయం. చరిత్ర వారి పక్షానే ఉంది. ఎడిన్‌బరోలో ఆండ్రూ అషర్ 1853లోనే వేర్వేరు పీపాల మాల్టు (మొలకెత్తించిన బార్లీ) విస్కీలను కలిపి అమ్మాడు. జాన్ వాకర్ కిల్‌మార్నాక్‌లో కిరాణా కొట్టు నడుపుకున్నవాడే. మాల్టులో ఇతర ధాన్యాల నుంచి తీసిన గ్రెయిన్ స్పిరిట్టు కలిపితే అది విస్కీ అవుతుందా అన్న తగాదా లండన్‌లో కోర్టుకెక్కింది. చివరికి రాయల్ కమిషన్ కూర్చుని, అవుతుందని 1909లో తేల్చింది. అంతటి సామ్రాజ్యం కమిషన్ వేసి తేల్చుకున్న విషయాన్ని మనవాడు పిల్లల దగ్గుమందు మూతతో కొలిచి తేలుస్తున్నాడు.

అయినా కలపని సరుకు మన దగ్గర ఎక్కడుంది? ఇక్కడ చవకగా దొరికే విస్కీలలో చాలావాటికి ఆధారం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్టే. ధాన్యం నుంచి తీయనిది విస్కీయే కాదని యూరప్ పట్టుపడుతుంది. కాబట్టి విస్కీలో రమ్ము కలపడం అపచారమనేవారు, ఆ రెండూ ఒకే చెరకు తోటలో పుట్టిన అన్నదమ్ములని గ్రహించాలి. విడిపోయిన కుటుంబాన్ని కలిపిన పుణ్యం ఇంటి బ్లెండరుది. (లేబుల్ లేని క్యాన్ల సరుకు మాత్రం ఈ కళ పరిధిలోకి రాదు. అందులో ఉండగల మిథనాల్ అనే విషానికి హాస్యం తెలియదు.)

చిక్కల్లా డ్యూటీ ఫ్రీ సీసాతోనే. డాలస్ అల్లుడు కస్టమ్స్ వారు అనుమతించే రెండు లీటర్లలో మామగారి వాటాగా పద్దెనిమిదేళ్ల స్కాచ్ తెస్తాడు. మామగారు సగం తాగి, మిగతా సగం ఎక్కువ రోజులు రావాలని, నిశ్చితార్థంలో మిగిలిన క్వార్టర్లు అందులో పోస్తారు. స్కాచ్ నిబంధనల ప్రకారం, సీసా మీద వయసు వేస్తే కలిపినవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసే వేయాలి. పీపా ముఖమే చూడని క్వార్టరు వయసెంత? ఓక్ పీపాలో పద్దెనిమిదేళ్లు చేసిన తపస్సు అక్కడితో భంగం. విశ్వామిత్రుడి కోసం ఇంద్రుడు ఇంతకంటే ఎక్కువే ఖర్చు పెట్టి ఉంటాడు.

బలం లెక్క మాత్రం తప్పదు. మన సీసాలో ఆల్కహాలు 42.8 శాతం, అల్లుడి సీసాలో 40. సమంగా కలిపితే 41.4. మామగారు ఈ లెక్కను క్యాలెండరు వెనుక దశాంశంతో సహా రాసుకున్నారు. కూతురి పెళ్లి ఖర్చుకు ఆ గౌరవం దక్కలేదు.

"ఎలా కుదిరింది మామయ్యగారూ?" అని అల్లుడు భయంభయంగా అడుగుతాడు.

"చివరలో కాస్త బెల్లం తగులుతోంది బాబూ."

తగలదా మరి.

ఎక్సైజు శాఖ వారికి విన్నపం: ఇలాంటి నిపుణులందరికీ ఫోటోతో గుర్తింపు కార్డులు ఇవ్వండి. వైన్ షాపుల్లో ముందు వరుస కేటాయించండి. దరఖాస్తు మీద భార్య సంతకం తప్పనిసరి అన్న నిబంధన మాత్రం పెట్టకండి. పరిశ్రమ మొత్తం ఒక్క పూటలో మూతపడుతుంది.