మేనరికం మానేశాం, మరి కులమో?

కొత్త దంపతులు ఇంట్లో అడుగుపెట్టే వేళ ఆడపడుచు గడపకి అడ్డంగా నిలబడుతుంది. ఒకరి పేరు ఒకరు చెబితే తప్ప దారి ఇవ్వదు. కొన్ని ఇళ్లలో అంతటితో వదలరు. “నీకు కూతురు పుడితే నా కొడుక్కిస్తావా?” అని అక్క తమ్ముణ్ని నిలదీస్తుంది. “ఇస్తాలే అక్కా” అంటాడు వాడు సిగ్గుపడుతూ. అందరూ నవ్వుతారు. వీడియో తీసే అబ్బాయి సరిగ్గా పడలేదని ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంటాడు.

ఇప్పుడది ఆటే. అడిగే అక్కకే తన కొడుక్కి తమ్ముడి కూతుర్ని చేసుకోవాలని ఉండదు. వాడు ఎమ్మెస్‌కి వెళ్లాలి, ఇంకేవో లెక్కలున్నాయి. కానీ ఒకప్పుడు అది ఆట కాదు, దావా. ఈ ఇంటి నుంచి నన్ను పంపించేశారు, నా పిల్లల ద్వారా మళ్లీ ఈ ఇంటికి దారి ఉండాలి అని ఆడబిడ్డ వేసే దావా. మధ్య భారతంలోని గోండుల్లో పుట్టింటివాళ్లకీ ఇలాంటి దావా ఉంది. ఆడబిడ్డ కూతుర్ని తమ కొడుక్కి చేసుకునే పెళ్లిని ‘దూధ్ లౌటావా’ అంటారు, అంటే పాలు తిరిగివ్వడం. మా ఇంటి పాలు తాగిన పిల్ల మీ ఇంటికొచ్చింది, ఆ పాలు ఓ రోజు మాకు తిరిగి రావాలి అని.

మేనరికం గురించి మన దగ్గర మాట మొదలైతే చాలు, అది నేరుగా డాక్టరు గదిలోకి పోతుంది. “దగ్గర సంబంధం వద్దండీ, పిల్లలకు మంచిది కాదు.” ఆ సలహా తప్పు కాదు. కానీ మేనరికాన్ని ఒక జబ్బుగా మాత్రమే చూస్తే, అది తగ్గేకొద్దీ మనం ఏం పోగొట్టుకుంటున్నామో, దేన్ని పట్టుకుని వేలాడుతున్నామో రెండూ కనబడవు.

ముందు వరస సంగతి. పెళ్లి భోజనాల్లో ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లు పక్కపక్కన కూర్చుంటే అయిదు నిమిషాల్లో ఇంటిపేర్లు, ఊళ్లు, తోటికోడళ్లు, వియ్యంకులు అన్నీ బయటికొస్తాయి. పెరుగన్నం వచ్చేసరికి “అయితే నువ్వు నాకు అల్లుడి వరసవుతావయ్యా” అని తేల్చేస్తారు. ఈ వరస అన్న మాటకి ఇంగ్లిషులో సరైన జోడీ లేదు. చుట్టరికం అంటే ఎవరు మనవాళ్లు అనే లెక్క. వరస అంటే ఆ మనవాళ్లలో ఎవరితో పెళ్లి కుదురుతుంది, ఎవరితో కుదరదు అనే లెక్క. చిన్నాన్న పిల్లలు, పెద్దమ్మ పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు బావలు, మరదళ్లు, వదినలు. రక్తం లెక్కన చూస్తే నలుగురూ ఒకటే దూరం. మన భాష మాత్రం మధ్యలో గీత గీసి ఒక పక్క చెల్లెల్ని, ఇంకో పక్క పెళ్లాన్ని నిలబెట్టింది.

మేనల్లుడు అన్న మాటలోంచి ‘మేన’ తీసేయండి, అల్లుడు మిగులుతాడు. మేనకోడలులోంచి తీసేస్తే కోడలు. అమ్మ అన్నదమ్ముడూ మామే, పిల్లనిచ్చినవాడూ మామే. నాన్న అక్కచెల్లెలూ అత్తే, మొగుడి తల్లీ అత్తే. పెళ్లి జరిగినా జరగకపోయినా పిలుపులో అది ముందే జరిగిపోయింది.

లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ లాయరు ప్రపంచంలోని బంధుత్వ పదాలన్నీ పోగేసి 1871లో పెద్ద పుస్తకం వేశాడు. తమిళ, తెలుగు పదాల పట్టికలు ఆయనకు మిషనరీలు పంపారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఇరొక్వా తెగ వాళ్ల పిలుపుల పక్కన వీటిని పెట్టి చూసుకుని అదిరిపోయాడు. రెండిట్లోనూ చిన్నాన్న నాన్నే, పిన్ని అమ్మే. దాంతో ఆ తెగలు ఆసియా నుంచే వచ్చాయనడానికి రుజువు దొరికిందనుకున్నాడు. ఆ వాదన నిలవలేదు గానీ, మానవశాస్త్రంలో ‘ద్రావిడ బంధుత్వం’ అనే అధ్యాయం అక్కణ్నుంచే మొదలైంది.

దాన్ని తిరగేసి చూపించినవాడు ఫ్రెంచి పండితుడు లూయీ డ్యూమాంట్. 1953లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఆయన చెప్పింది ఇదీ: మేనమామను అమ్మ తరఫు రక్తబంధువుగా చూడటం యూరప్ వాళ్ల అలవాటు. ఇక్కడ ఆయన ముందుగా నాన్నకి బావమరిది, అంటే వియ్యం వైపు మనిషి. ఇక్కడి వియ్యం ఒక తరంతో తీరిపోదు, పొలం లాగే కొడుకులకీ కూతుళ్లకీ దిగుతుంది. ఇది చదివాక మన పెళ్లిళ్లలో పెళ్లికూతుర్ని మేనమామే బుట్టలో ఎందుకు మోసుకురావాలో నాకు కొంచెం అర్థమైంది. తన ఇంటికి కోడలిగా రావలసిన పిల్లను తనే చేతులారా ఇంకొకడికి అప్పజెబుతున్నాడు. (బుట్ట బరువుకి ఆయన నడుం పట్టేయడం వేరే సంగతి.)

ఉత్తరాదివాళ్లు ఇది చూసి ముక్కున వేలేసుకోవడం ఇవాళ్టిది కాదు. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం దక్షిణాదివాళ్ల ప్రత్యేక ఆచారాల్లో ఒకటని బౌధాయన ధర్మసూత్రం లెక్క కట్టింది. అక్కడ చెల్లుతుంది, ఇంకోచోట చేస్తే దోషం అంది. హరియాణాలో సొంత గోత్రం, తల్లి గోత్రం, చాలాచోట్ల సొంత ఊరు కూడా వదిలిపెట్టి పిల్లను వెతుకుతారు. మనవాళ్లో, వ్యాసభారతంలో లేకపోయినా బలరాముడికి శశిరేఖ అనే కూతుర్ని పుట్టించి, మేనత్త కొడుకు అభిమన్యుడికిచ్చి పెళ్లి చేసేదాకా ఊరుకోలేదు.

చట్టానికీ ఇది ఇరకాటమే. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ సంబంధాల జాబితాలో మేనమామ-మేనకోడలినీ, అన్నాచెల్లెళ్ల పిల్లల్నీ చేర్చింది. చేర్చి, ఇరు పక్షాల ఆచారం ఒప్పుకుంటే ఫరవాలేదని ఒక తోక తగిలించింది. దక్షిణాది పెళ్లిళ్లు లక్షల సంఖ్యలో ఆ తోక పట్టుకునే గట్టెక్కాయి. ఉమ్మడి పౌరస్మృతి గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు హిందువులందరికీ ఇప్పటికే ఒకే పద్ధతి ఉందనుకుంటారు. ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే ఏం జరుగుతుందో చిత్తూరులోనో మదురైలోనో అడిగి చూడాలి.

ఎందుకంటే మేనరికం మనం అనుకున్నంతగా పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు నూటికి 11. తమిళనాడులో 28, ఆంధ్రప్రదేశ్‌లో 26, తెలంగాణలో 18. పక్కనే ఉన్న కేరళలో 4 దగ్గరే ఆగింది.

దీనివల్ల ఆడవాళ్లకి మేలు జరిగిందా, కీడు జరిగిందా? టిమ్ డైసన్, మిక్ మూర్ అనే ఇద్దరు పరిశోధకులు 1983లో మేలే అన్నారు. దక్షిణాదిలో కోడలు ముక్కూమొహం తెలియని ఇంటికి పోదు, పుట్టింటితో తెగిపోదు, అందుకే ఆమె మాటకు కొంత విలువ ఉంటుంది, కాన్పులూ పసిపిల్లల చావులూ తక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం అని వాళ్ల వాదన. అత్త తన సొంత మేనత్త అయితే గిన్నె పగిలినందుకు పుట్టింటికి కబురు పెట్టదు, నిజమే. కట్నం బేరం కూడా కొంచెం మెత్తగా నడుస్తుంది.

నేను మాత్రం దీన్ని సగమే ఒప్పుకుంటాను. ఆ 2019-21 ఆరోగ్య సర్వేలోనే 20-24 ఏళ్ల ఆడపిల్లల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైగా. ఇవన్నీ మేనరికాలని నేననడం లేదు. కానీ “బయటివాళ్లేం కాదుగా, అక్క కూతురేగా” అన్న మాట ఇంటర్ చదివే పిల్ల చేతిలోంచి పుస్తకం ఎంత తేలిగ్గా లాగేస్తుందో చూసినవాళ్లకి తెలుసు. మేనమామ పెళ్లిలో వయసు తేడా కూడా ఎక్కువే. పుట్టినప్పటి నుంచీ “నీ పెళ్లాం” అని ఎత్తుకున్నవాడి చేతికే అప్పజెబుతారు. వద్దనాలంటే ఆ పిల్ల ఒక్క సంబంధాన్ని కాదు, అమ్మకీ మామకీ మధ్య ఉన్న బంధాన్ని తెంచాలి. పదహారేళ్ల పిల్ల వల్ల అయ్యే పనేనా? కాబట్టి మేనమామ పెళ్లి పోవడం నాకు సంతోషమే.

ఇక డాక్టరుగారి మాట. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఉంటాయి. సొంత బావామరదళ్ల పిల్లల్లో అది ఇంకో రెండు మూడు దాకా పెరుగుతుంది. బావామరదళ్లకి ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి అయితే మామా మేనకోడళ్లకి నాలుగో వంతు, కాబట్టి అక్కడ ముప్పు ఇంకా ఎక్కువ. తరతరాలుగా అదే ఇంట్లో తిరిగితే మరీ. ఇదంతా నిజం. అయితే మనం చెవిన పెట్టని నిజం ఇంకొకటుంది.

వైశ్య కుటుంబాల్లో కొంతమందికి ఆపరేషన్ ముందు కండరాలు వదులు కావడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ మందు పడదు. దాన్ని విరిచే ఎంజైము వాళ్ల రక్తంలో ఉండదు. నిమిషాల్లో తేరుకోవలసిన మనిషి గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉండిపోవాల్సి వస్తుంది. ఇది వాళ్లలో మేనరికం చేసుకోనివాళ్లకీ వస్తుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధనలు కారణం చెప్పాయి: వేల ఏళ్ల కిందట కొద్దిమందితో మొదలైన గుంపు బయటి పెళ్లిళ్లు లేకుండా పెరిగింది. 2017లో వాళ్లు దక్షిణాసియాలో 263 సమూహాల్ని పరీక్షిస్తే, 81 సమూహాల్లో ఈ ‘కొద్దిమందితో మొదలైన’ ముద్ర, దానికి పేరుపడ్డ ఫిన్‌లాండ్ ప్రజలకంటే, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులకంటే గట్టిగా కనబడింది. ఒక్క వైశ్యుల సంగతి కాదిది. ఏ కులానికాకులం గిరి గీసుకున్న దేశంలో ముప్పు మేనమామ ఇంట్లోనే ఆగిపోదు.

పైగా రోగం అన్న ఒక్క కారణంతో మేనరికం వద్దనేవాళ్లు అదే నోటితో “మనవాళ్లలోనే చూడండి” అంటారు. మ్యాట్రిమొనీ సైటులో ఫిల్టర్లు చూడండి. కులం, శాఖ, నక్షత్రం, ప్యాకేజీ. 2011-12 ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వేలో కులాంతర పెళ్లిళ్లు నూటికి 5 దగ్గరే ఉన్నాయి. మేనరికం కాదన్నందుకు మహా అయితే రెండిళ్ల మధ్య నాలుగేళ్లు మాటలుండవు. కులం దాటినందుకు 2018లో మిర్యాలగూడలో ఒక యువకుణ్ని కిరాయి మనిషితో నరికించారు. ఈ రెండు కట్టుబాట్లలో ఏది గట్టిదో వేరే చెప్పాలా?

మనం చేసిందల్లా వరసని తీసేసి కులాన్ని ఉంచుకోవడం. వరస ఉన్నప్పుడు కోడలు తెలిసిన ఇంటికి పోయేది. ఇప్పుడు అదే కులంలో ఎవరికీ తెలియని ఇంటికి, పెద్ద కట్నంతో, ఒక బయోడేటాని నమ్మి పోతోంది. మేనత్త ఇంట్లో ఉండే చనువు పోయింది, పాత గిరి మాత్రం అక్కడే ఉంది.

ఈ మార్పు చడీచప్పుడూ లేకుండా నోటిలోనే జరిగిపోతోంది. నగరాల్లో, అమెరికాలో పెరిగే మన పిల్లలకి అందరూ కజిన్సే. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల బడి భాషలో బావకీ అన్నకీ తేడా లేదు. మొన్న ఒక ఫంక్షన్‌లో ఏడేళ్ల పిల్ల మేనమామ కొడుకుని “బావా” అని పిలిచింది. ఆ అబ్బాయికి పదేళ్లుంటాయి. పక్కనున్న ముసలావిడ మురిసిపోయి “ఓసి నీ అసాధ్యం, ఇప్పట్నుంచేనా!” అంది. పిల్ల తల్లి నవ్వలేదు. కూతురి జబ్బ పట్టుకుని పక్కకి లాగి, “బావేంటే? అన్నయ్య అను” అంది. ఆ పిల్ల ఓసారి అమ్మ వైపు, ఓసారి అబ్బాయి వైపు చూసి, ఏ పిలుపూ లేకుండా వాడి చెయ్యి పట్టుకుని ఐస్‌క్రీమ్ దగ్గరికి లాక్కుపోయింది.